కూర్చున్న కోడికి నూటికి నూరు

గోవర్ధనం కోళ్ళు పరీక్ష తప్పాయట.

ఈ మాట మొదట అన్నది ఎదురింటి నాగరత్నమ్మ. పాలకేంద్రం దగ్గర అందట. "డిగ్రీ చదివినాయన కోళ్ళే తప్పితే మనయ్యేం పాసవుతాయమ్మా! ఆయన పుస్తకం చూసి పెంచుతాడంట. మరి ఆ పుస్తకం కోళ్ళకి చూపించాడో లేదో!" అని కూడా అందట. క్యూలో ఉన్నవాళ్ళు పాలక్యాన్లు కింద పెట్టి మరీ నవ్వారట. పాలకేంద్రంలో పాలు కొలిచే అమ్మాయి ఈ కబురు గోవర్ధనం భార్య సామ్రాజ్యానికి చెప్పింది. సామ్రాజ్యం ఇంటికొచ్చి, గొంతు కూడా నాగరత్నమ్మదే పెట్టి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా మొగుడికి అప్పజెప్పింది.

గోవర్ధనం అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అతనికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఎవరి మీద చూపించాలో తెలిస్తే ఆ కోపం ఎంతో కొంత పనికొచ్చేది. ఆ పరీక్ష పెట్టించిన మహానుభావుడు తనే.

మామిడితోటల మధ్య గోవర్ధనానికి ఒక బ్రాయిలర్ షెడ్డు ఉంది. పిల్లల్నీ మేతనీ కంపెనీ ఇస్తుంది. పెంచి పెద్ద చేయడం ఇతని వంతు. ఎదిగాక కంపెనీ లారీ వచ్చి పట్టుకెళుతుంది. ఈ ఏర్పాటు ఎవరి తలనొప్పీ లేకుండా నడిచిపోతుండగా, సుఖంగా పెరిగిన కోడి మాంసమే మెత్తగా ఉంటుందని ఎక్కడో ఒక సదస్సులో ఎవరో చెప్పారు. నిజమే చెప్పారు. ఆ నిజం విన్నవాళ్ళు ఊరుకోలేక తిరిగొచ్చి 'కుక్కుట సౌఖ్య మండలి' అని ఒకటి స్థాపించారు. మండలికి భవనం వచ్చింది, జీపులు వచ్చాయి, జీపు దిగే అధికారులు వచ్చారు. కోడి సుఖాన్ని దేనితో కొలవాలన్నది మాత్రం ఎవరికీ రాలేదు.

ఆ సంగతి తేల్చడానికే రైతులకి శిక్షణ తరగతి పెట్టారు. డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు వేదిక మీంచి, "సౌఖ్యము అనునది ఆంతరంగిక స్థితి. దానిని బాహ్యముగా నిర్ధారించుటకు ప్రాతిపదిక ఏమి?" అని అడిగారు. రైతులందరూ గుమ్మం దగ్గర పెట్టిన సమోసాల పళ్ళెం వైపు చూశారు. గోవర్ధనానికి కాలేజీ రోజుల నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ హాల్లోనైనా ఎవరైనా ప్రశ్న అడిగితే అతని కాళ్ళు వాటంతటవే నిటారుగా నిలబడతాయి. బీయస్సీ, జువాలజీ.

"సార్, సుఖంగా ఉన్న జీవి మనిషిని చూసి పారిపోదండీ!" అన్నాడు.

హాలంతా చప్పట్లు. పరాంకుశం గారు ఆ వాక్యాన్ని రెండోసారి చెప్పించుకుని మరీ రాసుకున్నారు. గోవర్ధనం ఊరొచ్చి ఆ చప్పట్ల గురించి కనపడ్డవాడికల్లా చెప్పాడు. కనపడనివాళ్ళకి ఫోన్ చేసి చెప్పాడు.

కొద్దిరోజులకే ఆ వాక్యం ఉత్తర్వై తిరిగొచ్చింది. "పరిశీలకుడు షెడ్డు నందు ప్రవేశించిన ఎడల, ఏ కోడి తన స్థానము నుండి చలింపదో సదరు కోడి సౌఖ్యవంతమైనదిగా పరిగణింపబడును." చలించని కోళ్ళున్న షెడ్డుకి పచ్చకార్డు ఇస్తారు. పచ్చకార్డు లేని షెడ్డుకి కంపెనీ పిల్లల్ని ఇవ్వదు. పిల్లలు లేని షెడ్డు రేకుల కింద నీడ, అంతే.

గోవర్ధనం బెదరలేదు. వాక్యమూ తనదే, కోళ్ళూ తనవే. అంతకుమించి, ఆ విడత పిల్లల్ని అతను నిజంగా బాగా పెంచాడు. షెడ్డులో కిక్కిరిసిపోకుండా తక్కువ పిల్లల్ని దించాడు. కింద పరిచిన ఊక గడ్డ కట్టకుండా రోజూ తిరగేశాడు. గాలి మళ్ళినప్పుడల్లా పరదాలు ఎత్తాడు, దించాడు. రాత్రిపూట కాసేపు లైట్లు తీసేసి వాటిని నిద్రపోనిచ్చాడు. ఎక్కి కూర్చుంటాయని వెదురుబొంగులు కూడా కట్టాడు. "మనకి పిల్లలు పుట్టినప్పుడు ఇందులో సగం చేసినా బాగుండేది" అంది సామ్రాజ్యం. కోళ్ళు ఊకలో కాళ్ళతో గీరుతూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ, ఎగిరి బొంగులెక్కుతూ, షెడ్డంతా బడి వదిలినట్టు ఉండేది.

ఆ షెడ్డులోకి సహాయ సౌఖ్యాధికారి విరూపాక్షి గారు అడుగుపెట్టారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెడలో ఊగే గుర్తింపుకార్డు, చేతిలో అట్ట.

బ్రాయిలర్ పెంచేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. షెడ్డులోకి రోజూ ఒకే రంగు బట్టలతో వెళతారు. కోడికి మనిషి మొహం కన్నా రంగే గుర్తు. అలవాటైన రంగు వస్తే మేత వచ్చిందనుకుంటుంది. కొత్త రంగు వస్తే మీద పిడుగు పడిందనుకుంటుంది. గోవర్ధనం కోళ్ళకి పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ తెలిసింది వెలిసిపోయిన ఆకుపచ్చ గళ్ళలుంగీ ఒక్కటే. తెల్లచొక్కా గుమ్మంలో మెరిసేసరికి షెడ్డు మొత్తం అవతలి మూలకి దూకింది. విరూపాక్షి గారి చుట్టూ ఊక, ఈకలు, నిశ్శబ్దం మిగిలాయి.

"శూన్యము" అని రాసుకున్నారాయన.

"సార్ సార్, అవి మీ చొక్కాకి బెదిరినియ్యండీ. ఒక్క నిమిషం ఆగండి, మీకో లుంగీ ఇస్తాను. కట్టుకుని మళ్ళీ రండి, మీ కాళ్ళల్లో తిరగకపోతే నన్నడగండి."

"లుంగీ ధరించి విధి నిర్వహించుటకు నియమావళి అనుమతింపదు."

"పోనీ వాటి కాళ్ళన్నా చూడండి సార్! ఎంత పుష్టిగా ఉన్నాయో, ఎట్టా పరిగెత్తుతున్నాయో!"

"అదియే దోషము. పరుగు భయలక్షణము. 'సుఖముగా ఉన్న జీవి మనిషిని చూచి పారిపోదు' అను సూత్రము తమరికి తెలియదా? ఎవరో రైతు చెప్పినదట. డైరెక్టరు గారు ప్రతి సమావేశములోను ఉటంకించుచున్నారు."

"ఆ రైతుని నేనేనండీ."

విరూపాక్షి గారు అతన్ని కిందనుంచి పైదాకా చూశారు. "అయితే ఇది తెలిసి చేసిన నేరమన్నమాట."

అలా తప్పాయి కోళ్ళు. లారీ వచ్చి పట్టుకెళ్ళిపోయింది. వాటిలో కొన్ని ఊళ్ళో మస్తాను చికెన్ కొట్టుకే వచ్చాయి. అటు వెళుతున్న గోవర్ధనాన్ని మస్తాను కేకేశాడు.

"అన్నా, ఈసారి మీ సరుకు బంగారం! ఎముక గట్టి, కండ మెత్తన. తీసుకెళ్ళినోళ్ళు మళ్ళీ వచ్చి అయ్యే కావాలంటన్నారు."

"ఫెయిలయినియ్యి మస్తానూ."

"ఎవరన్నా?"

"కోళ్ళు."

మస్తాను కత్తి ఆపి, మొద్దు మీద ఉన్నదాని వంక జాలిగా చూశాడు. "చచ్చినాక కూడానా?"

కంపెనీ సూపర్‌వైజరు వచ్చి, ఇదే ఆఖరి అవకాశం, ఈసారీ కార్డు రాకపోతే షెడ్డులో మామిడికాయలు మాగేసుకో అని చెప్పి, పోయినసారి తక్కువ దించినందుకు ఈసారి ఒత్తుగా దించి వెళ్ళిపోయాడు. తెలివైనవాడైతే ఆ పిల్లల్ని చూసుకునేవాడు. గోవర్ధనం చదువుకున్నవాడు కాబట్టి అప్పీలుకి వెళ్ళాడు.

మండలి కార్యాలయంలో అప్పీళ్ళు తీసుకునే గుమాస్తా, "ఇది మీ తరఫునా, కోళ్ళ తరఫునా?" అని అడిగాడు. కోళ్ళ తరఫున అన్నాడు గోవర్ధనం. "అయితే బాధితులు స్వయంగా హాజరు కావాలి" అన్నాడు గుమాస్తా. బాధితుల్ని తినేశారండీ అన్నాడు గోవర్ధనం. "అయితే బాధ తీరిపోయినట్టే కదా?" అని గుమాస్తా కిటికీ మూసేశాడు. మర్నాడు గోవర్ధనం తన తరఫునే రాసుకుని వెళ్ళాడు. అలా చొక్కా మార్చుకుని పొద్దున్నే బస్సెక్కడం, చీకటిపడి దిగడం. కోడికాలి ఎముకల గురించీ రంగుల గురించీ అతను రాసిన అప్పీలు నిజంగా చాలా గొప్పగా ఉంది. దాన్ని అతను బస్సులో పక్క సీట్లవాళ్ళకి చదివి వినిపించేవాడు.

ఇక్కడ షెడ్డులో ఊక తిరగేసే దిక్కులేదు. సామ్రాజ్యానికి మోకాళ్ళ నెప్పులు. మేతా నీళ్ళూ చూసుకోవడమే గగనమయ్యేది. నీళ్ళ పైపులు కారి ఊక తడిసి, గడ్డకట్టి, అట్టలా అయిపోయింది. పరదాలు దించినవి దించినట్టే ఉన్నాయి. లోపలికి వెళితే ముక్కులు బద్దలయ్యే ఘాటు. లైట్లు ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. వెలుతురుంటే కోడి తింటుంది, తింటే బరువెక్కుతుంది. కాలు ఎదగకముందే కండ ఎదిగింది. కోళ్ళు మేత తొట్ల పక్కనే చతికిలబడి, మెడ చాచి తిని, మళ్ళీ మెడ ముడుచుకునేవి.

"ఏవండీ, అయ్యి లేవట్లేదు" అంది సామ్రాజ్యం ఒక పొద్దున. "రోజూ కాసినేసి చచ్చిపోతన్నాయి కూడాను. ఆ బస్సు తగలెయ్య, ఈ పూటన్నా ఉండి ఆ ఊక సంగతి చూడండి."

"ఇవాళే అప్పీలు విచారణకొస్తుందే."

"కోళ్ళు పోయాక అప్పీలు పెంచుకుంటారా?"

ఆ విచారణ జరగలేదు. విరూపాక్షి గారు ముందు కబురైనా లేకుండా మళ్ళీ తనిఖీకి వచ్చేశారు.

ఆయన గుమ్మంలో నిలబడ్డారు. తెల్లచొక్కా, ఊగే కార్డు, అన్నీ అలాగే ఉన్నాయి. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెల్లటి పరుపు పరిచినట్టుంది. ఒక్క కోడి కదల్లేదు. ఆయన లోపలికి నడిచారు. అడుగు పెట్టే చోటు లేక కోళ్ళ మీంచి కాళ్ళెత్తి దాటుకుంటూ వెళ్ళారు. బూటు ముందు ఉన్న కోడిని మెల్లగా పక్కకి తోశారు. అది ఒక కన్ను తెరిచి, ఆయన్ని చూసి, మూసుకుంది.

బయటికొచ్చేసరికి విరూపాక్షి గారి కళ్ళు ఎర్రబడి ధారలు కారుతున్నాయి. జేబురుమాలు తీసి తుడుచుకున్నారు.

"క్షమించాలి గోవర్ధనం గారూ. ఇంతటి ప్రశాంతతను నేనెన్నడూ దర్శించలేదు. కన్నీరు ఆపుకొనలేకపోతున్నాను."

గోవర్ధనం కళ్ళూ కారుతున్నాయి. అది ఊక కంపు సార్, అమ్మోనియా, అనబోయాడు. జువాలజీ చదివినవాడు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పచ్చకార్డు కూడా చేతిదాకా వచ్చింది. నాలుక కన్నా ముందు చెయ్యి చాచాడు. గుమ్మం పక్కన నిలబడ్డ సామ్రాజ్యం అతన్ని చూసింది. అతను కార్డుని చూసుకున్నాడు.

నూటికి నూరు. రాష్ట్రం మొత్తంలో అలాంటి షెడ్డు లేదు. విచారణ లేకుండానే అప్పీలు తోసిపుచ్చబడిన రోజునే గోవర్ధనం 'ఆదర్శ సౌఖ్యదాత' అయ్యాడు.

ఇక మండలి ఊరుకుంటుందా! నిపుణుల సంఘం వచ్చి షెడ్డుని అణువణువూ పరిశీలించి, ఇంతటి విజయానికి కారణాలు రాసుకుపోయింది. అవి ఉత్తర్వులయ్యాయి. ఊక తిరగేయడం కోళ్ళ ఏకాంతానికి భంగకరం కాబట్టి నిషేధించారు. లైట్లు ఆర్పడం చీకటిభయం కలిగిస్తుంది కాబట్టి నిషేధించారు. తోటి కోళ్ళు ఒంటికి ఒరుసుకుంటూ ఉండడం ధైర్యం ఇస్తుంది కాబట్టి షెడ్డుల్లో ఒత్తుగా నింపమన్నారు. కళ్ళు పుసులు కట్టి మూసుకుపోవడాన్ని 'ధ్యానస్థితి' అన్నారు. తడి ఊక మీద కూర్చుని కూర్చుని కోళ్ళ మోకాళ్ళ దగ్గర నల్లటి కాలిన మచ్చలు పడితే, వాటికి 'సౌఖ్యముద్ర' అని పేరు పెట్టారు. కోడి ఎంత నిశ్చింతగా కూర్చుంటే ముద్ర అంత నల్లగా పడుతుందట. కొనేవాళ్ళు మోకాలు చూసి మరీ కొనాలని గోడల మీద రాయించారు. ఈ పద్ధతి మొత్తానికి 'గోవర్ధన నమూనా' అని నామకరణం చేశారు.

మస్తాను మాత్రం మళ్ళీ కేకేశాడు. ఈసారి దూరం నుంచే.

"ఏందన్నా ఇది! రొమ్ము కండ చూడు, చెక్క! తెల్లచారలు. ఉడకబెడితే గట్టిపడతందంట. నిన్న ఒకాయన వండిన కూర గిన్నెతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయాడు."

మస్తాను మండలికి ఫిర్యాదు పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. "మాంసము నందలి దృఢత్వము పక్షి యొక్క మనోధైర్యమునకు సూచిక. నమలు కాలము పెరుగుట వలన వినియోగదారుని జీర్ణశక్తి వృద్ధి చెందును."

నాగరత్నమ్మ ఈసారి పాలకేంద్రం దాకా పోలేదు. నేరుగా గేటు దగ్గరికే వచ్చింది.

"ఏమే సామ్రాజ్యం, మీ ఆయన తెలివి మా షెడ్డు మీద పడిందే! మా కోళ్ళు గెంతుతున్నాయని కార్డు పీకేశారు. ఊక తిరగెయ్యబోతే మా ఆయన చేతిలో పలుగు లాక్కున్నారు. ఇప్పుడు మేం కూడా వాటి కాళ్ళు విరగ్గొట్టుకుని కూర్చోవాలా?"

లోపలున్న గోవర్ధనం రేడియో గొంతు పెంచాడు.

అతనికి సిగ్గు లేదని కాదు. ఉంది. రోజూ పొద్దున చచ్చిన కోళ్ళని తట్టలోకి ఎత్తుతున్న భార్యని చూసినప్పుడల్లా ఉంది. కానీ అతను దాన్ని చదువుకున్నవాడి పద్ధతిలో వాయిదా వేసుకున్నాడు. రాష్ట్రస్థాయి సౌఖ్య సదస్సు తన షెడ్డు దగ్గరే జరగబోతోంది. అక్కడ, అందరి ముందూ, మైకులో నిజం చెప్పేస్తాను. చిన్న సభలో నిజం చెప్పడం తన స్థాయికి తగదు.

సదస్సు రోజున జీపులు బారులు తీరాయి. ఒక్కొక్క జీపులోంచి ఆకుపచ్చ గళ్ళలుంగీలు దిగాయి. లుంగీ కట్టుకు రావాలన్న గోవర్ధనం పాత సూచనని మండలి ఒక ఉపసంఘానికి అప్పగించి, పరిశీలించి, ఆమోదించి, టెండరు పిలిచి, అధికారులందరికీ కుట్టించింది. గంజి వాసన పోని కొత్త లుంగీలు. ప్యాంట్ల మీదే చుట్టుకున్నారు. పరాంకుశం గారి లుంగీ నడిచినప్పుడల్లా అప్పడంలా చప్పుడు చేస్తోంది. అందరూ ఆ వేషంలో షెడ్డులోకి వెళ్ళి, కన్నీళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. కోళ్ళు ఏ లుంగీనీ తలెత్తి చూడలేదు.

"నేటి సభలో శ్రీ గోవర్ధనం గారికి శాశ్వత పచ్చకార్డు ప్రదానము చేయబడును. భోజనానంతరము" అని విరూపాక్షి గారు ప్రకటించారు. శాశ్వత కార్డు అంటే ఇక పరీక్షలుండవు. బతికున్నంతకాలం షెడ్డు నిండా పిల్లలు.

గోవర్ధనం మాట్లాడ్డానికి లేచాడు. నోరు తెరిచాడు. శాలువా పడింది. మళ్ళీ తెరిచాడు. దండ పడింది. దండ పక్కకి తీసి, గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, అనేశాడు.

"అయ్యా, అవి సుఖంగా ఉండి కూర్చోలేదండీ. లేవలేక కూర్చున్నాయి. కాళ్ళు పోయినియ్యి. తప్పు నాది."

విరూపాక్షి గారు జేబులో ఉన్న పచ్చకార్డుని తడుముకున్నారు. పరాంకుశం గారు మెల్లగా లేచి మైకు అందుకున్నారు.

"ఎంత లోతైన మాట!" అన్నారు. "'లేవలేక' అన్నారు వీరు. లేవవలసిన అగత్యము లేని స్థితి అని భావము. మేత ముందున్నది, నీరు పక్కనున్నది, ఇక కాలు దేనికి? కాలు అనునది కొరత ఉన్న జీవికి కావలసిన అవయవము. కొరతయే లేనప్పుడు కాలు దానంతటది విరమించుకొనును. పైగా ఇంత సాధించియు 'తప్పు నాది' అనుచున్నారు! ఈ వినయమును కూడ నమూనాలో చేర్చవలసినదిగా ఆదేశించుచున్నాను."

చప్పట్లు మోగాయి. శిక్షణ తరగతిలో మోగినవాటికన్నా పెద్దగా మోగాయి. గోవర్ధనం కూర్చున్నాడు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. తను చెప్పాల్సింది చెప్పాడు. వినకపోతే అది వాళ్ళ ఖర్మ. కార్డూ ఎక్కడికీ పోలేదు. ఇంత హాయైన నిజాయితీ అతను ఎన్నడూ ఎరగడు. రేపట్నుంచి కావాలంటే ఊక కూడా తిరగేయవచ్చు. లేదా, నమూనా ప్రకారం, తిరగేయకపోవచ్చు.

భోజనాలు మామిడిచెట్ల కింద. విస్తళ్ళు వేశారు. లుంగీలు బిగుసుకుపోయి అధికారులు కింద కూర్చోవడానికి అవస్థ పడి, ఎలాగో కూలబడ్డారు. పప్పు, దోసకాయ పచ్చడి, కోడికూర, కోడివేపుడు. కోళ్ళు ఆ షెడ్డువే. అదే కార్యక్రమంలో ముఖ్యాంశం. సామ్రాజ్యం బేసిను చంకన పెట్టుకుని వరసగా వడ్డిస్తోంది. కాసేపటికి మాటలు ఆగిపోయి, చెట్ల కింద నమిలే చప్పుడొకటే మిగిలింది. దవడలు గట్టిగా, ఓపిగ్గా ఆడుతున్నాయి. ఒకాయన చేత్తో చెంప పట్టుకున్నారు. ఇంకొకాయన ముక్కని చాలాసేపటి నుంచి ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మారుస్తున్నారు.

"దృఢముగా ఉన్నది" అన్నారు పరాంకుశం గారు, ఎట్టకేలకు ఒక ముద్ద మింగి. "ధైర్యము తెలియుచున్నది."

"అవునండీ, ధైర్యము!" అన్నారు విరూపాక్షి గారు, నిండునోటితో.

మంచినీళ్ళు తాగుతూ పరాంకుశం గారు పక్క విస్తరి వంక చూశారు. గౌరవార్థం గోవర్ధనాన్ని ఆయన పక్కనే కూర్చోబెట్టారు. అతని విస్తట్లో పప్పూ పచ్చడీ తప్ప ఏమీ లేవు. గోవర్ధనం ఆయన చూపు గమనించి గబగబా ఇంత అన్నం లాగి, విస్తరి ఖాళీని కప్పేశాడు.

"అదేమిటి, సౌఖ్యదాతకే వడ్డించలేదా? అమ్మా, ఇటు రండి! వీరికి వేయలేదే? కొంపదీసి వీరు శాకాహారులా ఏమి?"

గోవర్ధనం భార్య వంక చూశాడు. కళ్ళతోనే బతిమాలాడు. సామ్రాజ్యం బేసిను నేల మీద దించి, నడుం నిటారుగా చేసుకుంది.

"కోడి తింటారండీ. ఈ షెడ్డులోదైతే తినరు."